ఊరి గొంతుకు గాలిలో చోటు

పూర్వం మన పల్లెలలో ఒక మాట నలుగురికీ చేరడానికి రెండు మార్గాలుండేవి. ఒకటి దండోరా, రెండవది రచ్చబండ. దండోరా వేసేవాడు అధికారి చెప్పి పంపిన మాటను పొల్లుపోకుండా వీధివీధినా చాటి తన దారిన వెళ్ళిపోయేవాడు. ఎదురుప్రశ్నకు అక్కడ తావులేదు. రచ్చబండ సంగతి వేరు. అడిగేవాడు, చెప్పేవాడు, కాదనేవాడు, నవ్వి తేల్చివేసేవాడు, అందరూ అక్కడ ఊరివారే. ఐతే ఆ బండమీద అందరికీ చోటుండేది కాదన్న నిజాన్ని కూడ మనం మరువరాదు. ఆడవారు చాటున నిలిచి వినేవారు. వాడలవారు దూరాన నిలిచి వినేవారు.

మన దేశానికి రేడియో దండోరాగా వచ్చింది. దానిని రచ్చబండగా మార్చడం సాధ్యమా, అదీ ఎవరినీ దూరాన నిలబెట్టని రచ్చబండగా మార్చడం సాధ్యమా అన్నదే సామాజిక రేడియో ఉద్యమం వేసిన ప్రశ్న. పలాస, టెక్కలి, ఉద్దానం తీరాల మనకు ఈ ప్రశ్నతో సంబంధమేమిటో విచారించడం ఈ వ్యాసపు ఉద్దేశం.

ఆకాశవాణి తెలుగువారికి చేసిన మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963లో విశాఖపట్నం కేంద్రం ఏర్పడినవి. నాటకాన్ని, అవధానాన్ని, కర్ణాటక సంగీతాన్ని, వ్యవసాయపు మెలకువలను గడప గడపకు మోసినది ఆ పెట్టెయే. కాని పలాసకు విశాఖపట్నం నూటయేబది కిలోమీటర్లకు పైబడిన దూరం. అక్కడినుండి మాట ఇక్కడికి వచ్చేది. ఇక్కడి మాట అక్కడికి పోయే దారి బహు ఇరుకు. వినడం మన వంతు, చెప్పడం వారి వంతు అయినది.

వినేవాడు ఊరకే కూర్చుంటాడనుకోవడం కూడ పొరపాటే. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ సినిమా పాట రుచిని చెరుపుతున్నదని తలచి ఆకాశవాణిలో దానికి తలుపులు మూయించినారు. శ్రోతలు వాదులాడలేదు, రేడియో ముల్లును సిలోను వైపు తిప్పుకొన్నారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించి ఆకాశవాణి తన శ్రోతలను తిరిగి పిలుచుకొనవలసి వచ్చింది. జనానికి కావలసినది ఒకచోట దొరకకపోతే మరొకచోట వెతుక్కుంటారన్న పాఠం ఇందులో ఉన్నది. పాటకు వర్తించిన ఈ పాఠం వార్తకు కూడ వర్తిస్తుందని ముందు ముందు చూస్తాము.

జనం తామే రేడియో పెట్టుకొన్న చరిత్ర ప్రపంచంలో కొత్తది కాదు. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశంలో తగరపు గనుల కార్మికులు గత శతాబ్దపు నడిమి దశకాలలో తమ జీతాలనుండి చందాలు వేసికొని రేడియో కేంద్రాలు నెలకొల్పుకొన్నారు. గనిలో ప్రమాదం, సంఘపు సభ, పెండ్లి కబురు, తప్పిపోయిన పిల్లవాడు, పండుగ పాట – అన్నీ అందులోనే. 1980లో సైన్యం అధికారాన్ని హస్తగతం చేసికొన్నప్పుడు ఆ చిన్న కేంద్రాలు ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా కలసి, సైనికులు గుమ్మం దాటి లోపలికి వచ్చేవరకు జరుగుతున్నది జరుగుతున్నట్లు లోకానికి వినిపించినవి. అమెరికాలోని బర్క్‌లీ పట్టణంలో 1949 ఏప్రిల్ 15న ప్రారంభమైన కె.పి.ఎఫ్.ఎ. కేంద్రానిది మరొక మార్గం. వ్యాపార ప్రకటనలు లేకుండా, శ్రోతలు ఇచ్చే చందామీద నడవడం దాని నియమం. ప్రకటనకర్తకు జంకవలసిన పని లేనందువల్ల ఇతరులు చెప్పని వార్తను, వినిపించని వాదాన్ని, అంగడిలో అమ్ముడుపోని సంగీతాన్ని అది వినిపించగలిగింది. రేడియోకు డబ్బు ఎవరిదో, దాని గొంతు కూడ వారిదే అన్న సూత్రానికి ఈ రెండూ సాక్ష్యాలు.

మన దేశంలో ఈ తలుపు తెరుచుకొన్న తీరు విచిత్రమైనది. దానికి కారణం ఒక క్రికెట్ పోటీ. 1993లో బెంగాల్ క్రికెట్ సంఘం నిర్వహించిన పోటీల ప్రసారహక్కులపై వచ్చిన తగాదా సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. 1995 ఫిబ్రవరిలో వెలువడిన తీర్పు ఆటను దాటి చాల దూరం పోయింది. గాలిలోని ప్రసారతరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిని ప్రజాహితం కొరకు వినియోగించవలెననీ న్యాయమూర్తులు ప్రకటించినారు. ఆ తీర్పు చెప్పినవారిలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు కావడం మనకు సంతోషం కలిగించే విషయం. సర్కారుది అనుకొన్న గాలి సర్కారుదీ కాదు, ధనవంతుడిదీ కాదు, అందరిదీ అని తేలింది.

తీర్పు వచ్చినంతమాత్రాన చేతికి మైకు రాలేదు. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో స్వయంసహాయక సంఘాల స్త్రీలు ‘మన రేడియో’ అన్న పేరున బహు స్వల్పశక్తి గల కేంద్రాన్ని నడిపినారు. అనుమతి లేదన్న కారణంతో 2003లో అది మూతపడింది, పరికరాలు స్వాధీనమైనవి. 2002 డిసెంబరులో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం అనుమతి ఇవ్వనారంభించింది. ఆ పద్ధతిలో 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో దేశపు తొలి సామాజిక రేడియో పలికింది. 2006 నవంబరులో గాని స్వచ్ఛంద సంస్థలకు ఆ హక్కు దక్కలేదు.

ఆ హక్కును మొట్టమొదట సార్థకం చేసినవారు తెలుగు స్త్రీలు. నాటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతంలో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, మాచనూరు గ్రామంలో 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ ప్రారంభమైనది. 1995 నాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ స్వయంగా వచ్చి దానిని ప్రారంభించడంలో ఒక ఔచిత్యం ఉన్నది. నడిపినవారు దళిత స్త్రీలు, చిన్న కమతాల సేద్యగత్తెలు. అనుమతి రాకముందే దాదాపు పదేండ్లపాటు వారు కార్యక్రమాలను శబ్దగ్రహణం చేసి, క్యాసెట్లను సంఘాల సమావేశాలలో వినిపిస్తూ వచ్చినారు. రాత్రి పనిపాటలు ముగిసిన వేళ 7 గంటలనుండి 9 గంటలవరకు ప్రసారం. విత్తనాలు దాచే పద్ధతి, జొన్న కొర్రల సాగు, పసరు వైద్యం, బాల్యవివాహాల చర్చ, నాట్ల పాట, బతుకమ్మ పాట – ఇవన్నీ వారి నోటనే, వారి యాసలోనే. రచ్చబండకు దూరాన నిలబడి విన్నవారి మనుమరాండ్రు నూరుకు పైగా గ్రామాలకు వినిపించే మైకు ముందు కూర్చున్నారు. ఈ మార్పుకు సాక్ష్యంగా ఆ దృశ్యం ఒక్కటి చాలును.

సామాజిక రేడియో కొలతలు పాఠకులకు తెలియడం మంచిది. ప్రసారశక్తి సుమారు 100 వాట్లు. వినవచ్చే దూరం మామూలుగా 10 కిలోమీటర్ల వ్యాసార్ధం లోపల. లాభాపేక్ష లేని సంస్థలకు, విద్యాసంస్థలకు, కృషివిజ్ఞాన కేంద్రాలకు అనుమతి దొరకును. వ్యక్తులకు, రాజకీయపక్షాలకు దొరకదు. కార్యక్రమాలలో సగమైనా ఆ చోటనే తయారు కావలెను. నేడు దేశంలో ఇటువంటి కేంద్రాలు ఐదువందలకు పైగా ఉన్నవి.

ఇంతవరకు బాగున్నది. కాని ఈ ఇంటికి తాళం వేసి ఉంచిన గది ఒకటి ఉన్నది. దాని పేరు వార్త. సామాజిక రేడియో పాట పాడవచ్చును, పంట గురించి చెప్పవచ్చును, వాతావరణం చెప్పవచ్చును. వార్తలు, వర్తమాన రాజకీయ విషయాలు మాత్రం స్వయంగా సేకరించి చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్లుగా గాని, స్థానిక భాషలోనికి మార్చి గాని వినిపించవచ్చునన్నది తరువాత వచ్చిన సడలింపు. అనగా ఢిల్లీ వార్త మన యాసలో చెప్పవచ్చునే గాని, మన వీధి వార్త మన నోట చెప్పరాదు! పత్రిక పెట్టినవాడు వార్త వేయవచ్చును. దూరదర్శిని వాహిని పెట్టినవాడు రోజంతా వార్తలే వినిపించవచ్చును. ఊరి రేడియోకు మాత్రం ఆ హక్కు లేదు. ‘కామన్ కాజ్’ అనే సంస్థ 2013లో ఈ నిషేధాన్ని సర్వోన్నత న్యాయస్థానంలో ప్రశ్నించింది. చిన్న కేంద్రాలను ఎవరైనా దుర్వినియోగం చేయవచ్చుననీ, పర్యవేక్షణ కష్టమనీ ప్రభుత్వపు వాదం.

పొరుగున నేపాలును చూడండి. 1997లో ఖాట్మండులో ‘రేడియో సగరమాథా’ మొదలైనది; దక్షిణాసియాలో స్వతంత్ర సామాజిక రేడియోకు అదే నాంది. 2005 ఫిబ్రవరి 1న రాజు అధికారాన్ని తన చేతిలోనికి తీసికొని ఎఫ్.ఎం. కేంద్రాలలో వార్తలను నిషేధించినాడు. రేడియోలవారు న్యాయస్థానానికి వెళ్ళినారు, జనం మధ్య నిలిచి వార్తలు చదివినారు. ఆ సంవత్సరమే ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం రేడియోల పక్షాన నిలిచింది. కొండలమధ్య చిన్న చిన్న కేంద్రాలు వార్తలు చెప్పినందువల్ల ఆ దేశం కూలిపోలేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాము. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం – కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడలో పెరిగిన ఊళ్ళివి. ఉద్యానవనం అన్న మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుతారు. ఇచ్చట ‘వార్త’ అనగా ఏమిటి? పలాస-కాశీబుగ్గ బట్టీలలో ఈ వారం జీడిపిక్కల 80 కిలోల బస్తా ధర ఎంత పలికినది అన్నది వార్త. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం గదా, ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి రావలసిన భృతి వచ్చినదా లేదా అన్నది వార్త. బతుకుతెరువుకై గుజరాత్ తీరానికి పోయిన పిల్లలు ఏ పడవపై ఉన్నారన్నది వార్త. తమిళనాట పాంబనులో 2016 ఆగస్టు 15న మొదలైన ‘కడల్ ఓసై’ పూర్తిగా మత్స్యకారుల రేడియో. గాలి వేగం, అలల ఎత్తు, చేపల ధర, కడలి పాట – అన్నీ అక్కడ ఒకే కంఠాన వినవచ్చును. మన జాలరి పల్లెలకు అటువంటిది ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె పెద్ద వార్త మూత్రపిండాల వ్యాధి. ఉద్దానంలో ‘క్రియాటినిన్’ అన్న మాట వైద్యగ్రంథపు మాటగా మిగలలేదు. అక్షరం రాని అవ్వకు కూడ అది ఇంటిమాట అయినది. నీరా, నేలా, ఎండలో చెమటోడ్చే పనియా, మరేదైనానా అన్నది ఎన్నో పరిశోధనల తరువాత కూడ ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి; హిరమండలం జలాశయంనుండి గొట్టాలద్వారా మంచినీరు తెచ్చే పథకం కూడ అమలుకు వచ్చింది. కారణం తెలియని రోగం చుట్టూ వదంతి చీమలబారుగా చేరుతుంది. ఒకడు ఒక వేరు తినుమంటాడు. మరొకడు రక్తశుద్ధి మొదలుపెడితే మనిషి దక్కడంటాడు. ఇట్టి చోట ప్రతివారం ఒక వైద్యుడు, ఒక నర్సు, రక్తశుద్ధి చేయించుకొంటూ బ్రతుకు సాగిస్తున్న ఒక రైతు ముగ్గురూ కూర్చుండి, జనం అడిగే ప్రశ్నలకు జనం భాషలో జవాబు చెప్పే అరగంట కార్యక్రమం ఎన్ని ఇళ్ళలో దీపం నిలుపగలదో ఆలోచించండి. కాని కుళాయిలో నీరు ఏ వీధికి రాలేదు, మందులు ఏ కేంద్రంలో నిండుకొన్నవి అని అదే అరగంటలో అడిగితే అది ఆరోగ్య కార్యక్రమమా, వార్తయా? ఈ గీతను గీయగలవారెవరు?

తుపానుల మాట చెప్పవలెనా? 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. తిత్లీ నేరుగా పలాస సమీపానే తీరం దాటింది. తరతరాల కొబ్బరితోటలు, జీడితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగినవి. విద్యుత్ స్తంభాలు పడిపోయినవి. సెల్‌ఫోన్ గోపురాలు మూగబోయినవి. అందరి చేతిలో ఫోనుండగా రేడియో ఎందుకని అడిగేవారికి ఆ రోజులే జవాబు. ఒక చిన్న జనరేటరు, ఒక ప్రసారయంత్రం, ఇంటింట రెండు బ్యాటరీల పెట్టె ఉంటే ఏ దారి తెగినది, ఏ బడిలో అన్నం వండుతున్నారు, ఏ ఊరికి పడవ పోవలెను అన్నది గంటగంటకూ చెప్పవచ్చును. రేడియో స్తంభం కూడ గాలికి పడవచ్చును, నిజమే. కాని ఒక్క స్తంభాన్ని నిలబెట్టడం వేయి స్తంభాలను నిలబెట్టడం కంటె తేలిక. ఒడిశాలో కోణార్కు వద్ద 2010లో మొదలైన ‘రేడియో నమస్కార్’ ఫైలిన్ వేళ తీరగ్రామాలకు హెచ్చరికలు వినిపించి ఈ సంగతిని ఋజువు చేసింది.

ఇక రాజకీయం. 2010 జూలై 14న సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఎదురు నిలిచిన జనంపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. సరిగా ఆనాడే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేటు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న టెక్కలికి చేరువనున్న కాకరాపల్లిలో మరల కాల్పులు, మరల మరణాలు. ఏది మంచి పథకం, ఏది చెడ్డ పథకం అని తీర్పు చెప్పడం ఇక్కడ నా పని కాదు. కాని తన పొలం, తన చెరువు, తన వేట ఏమగునో చెప్పే నివేదికలు ఊరివారికి వారి భాషలో ముందుగా వినిపించి, సంస్థవారిని, అధికారులను, రైతులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడించే వేదిక ఉంటే కొంత నెత్తురు తగ్గేదేమో! మాటకు చోటు లేనిచోటనే చేయి లేస్తుంది.

ఎదుటి వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. ఒక అబద్ధపు వార్త రెండు కులాలమధ్య నిప్పు పెట్టవచ్చును. ఊరి పెద్దమనిషి రేడియోను తన బాకాగా మార్చుకొనవచ్చును. 1967 తరువాత ఈ కొండలలో సాగిన సాయుధపోరాటాన్ని, దాని అణచివేతను చూచిన జిల్లాకు ప్రభుత్వపు భయం అర్థం కానిది కాదు. ఐతే నేడు వదంతికి రేడియో అక్కరలేదు, వాట్సాప్ ఉన్నది. అక్కడ చెప్పినవాడెవడో తెలియదు, చెప్పినది నిలువ ఉండదు. సామాజిక రేడియోకు చిరునామా ఉన్నది, అనుమతిపత్రం ఉన్నది, ప్రసారాలను మూడునెలలు భద్రపరచవలెనన్న నిబంధన ఉన్నది. తప్పు చెప్పితే మరునాడు అదే వీధిలో నడవవలసిన మనిషి అక్కడ మాట్లాడుతున్నాడు. బాధ్యతగలవాని నోరు మూసి బాధ్యతలేనివానికి వీధి విడిచిపెట్టడం వివేకమా? సిలోను పాఠం మరల గుర్తు చేసికొనవలసినది ఇక్కడనే.

పాట సంగతి కూడ ఈ కథలో విడదీయరానిది. జముకుల కథ, తప్పెటగుళ్ళు ఉత్తరాంధ్ర సొత్తు. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి రాజకీయాన్ని జనానికి చెప్పడానికి జముకుల కథనే ఎన్నుకొన్నాడు. 1969లో ఆయన కాల్పులలో మరణించినాడు. ఆయన మార్గంతో ఏకీభవించనివారు కూడ ఆ కళారూపపు బలాన్ని కాదనలేరు. 1940లో అఖిల భారత కిసాన్ మహాసభ పలాసలో జరిగింది. ఆ ఏడే మందస జమీందారీకి ఎదురునిలిచి గున్నమ్మ గుడారి రాజమణిపురంలో పోలీసు గుండ్లకు బలియైనది. ఇవి పాఠ్యపుస్తకంలో పంక్తులుగా గాక ఊరి కంఠాలలో కథలుగా నిలువవలసినవి. ‘ఏమిటి’ అనక ‘ఏటి’ అనే, ‘పిల్లవాడు’ అనక ‘గుంటడు’ అనే మన మాటకు మైకు ముందు సిగ్గుపడవలసిన పని లేదు. ఇక్కడికి చేరువనే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి, సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని తపించిన గిడుగు రామమూర్తి పంతులు నడచిన నేల ఇది. మందస, మెళియాపుట్టి కొండల సవర మాటకు, సరిహద్దు ఊళ్ళ ఒడియా మాటకు కూడ ఊరి రేడియోలో చోటుండవలెను.

చివరకు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక మనవి. కళాశాలలకు సామాజిక రేడియో అనుమతి అడిగే హక్కు 2002 నుండి ఉన్నది. అనుమతికై కాచుకొని కూర్చుండవలసిన పనియు లేదు; మాచనూరు స్త్రీలు పదేండ్లు క్యాసెట్లతోనే సాధన చేసినారు. ఒక ఫోనులోని శబ్దగ్రహణ సాధనం చాలును. జముకు మీటే వృద్ధుని పాట, బట్టీలో జీడిపిక్క వలిచే స్త్రీ చేతివేళ్ళ కథ, తిత్లీ రాత్రిని దాటిన కుటుంబపు జ్ఞాపకం, రక్తశుద్ధి చేయించుకొనే రైతు దినచర్య – వీటిని పిల్లలచేత సేకరింపజేసి శనివారంనాడు బడిలో వినిపించండి. చెప్పినదానిని ఇద్దరిని అడిగి సరిచూచుకోవడం, ఎదుటివాని పక్షం కూడ వినడం, ఊహను వార్తగా చెప్పకపోవడం, ఈ మూడూ వారికి అలవాటు చేయండి. తాళం వేసిన ఆ గది ఏనాటికైనా తెరుచుకొనవచ్చును. ఆనాడు లోపల అడుగుపెట్టేవారికి మాటయొక్క విలువ తెలిసి ఉండవలెను. గాలి అందరిదీ అని న్యాయస్థానం చెప్పింది. ఆ గాలిలో పలుకదగిన మాటను తయారు చేయడం బడి పని.